భయానికి పాట కట్టినవాళ్లు

నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వినే పాటల్లో శ్మశానాలూ దయ్యాలూ. ఇలాంటి కుర్రాడు ఇంట్లో ఉంటే రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా పెద్దవాళ్లకి ముందుగా వచ్చే అనుమానం ఒకటే, వీడేదో చెడు సావాసం పట్టాడని. భయం గొలిపే హార్డ్ రాక్ ఆల్బమ్ వినడమంటే దయ్యాన్ని ఇంటికి పిలుచుకోవడమేనని నమ్మేవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, అమలాపురంలోనూ ఉన్నారు. ఆ అనుమానం తప్పని నా వాదన. అది తప్పని తెలుసుకోవడానికి గోదావరి జిల్లాలవాళ్లు దూరం పోనక్కర్లేదు కూడా, ద్రాక్షారామం దాకా వెళ్తే చాలు. అయితే ఈ సంగీతం పుట్టింది బర్మింగ్‌హామ్‌లో కాబట్టి ముందు అక్కడి సంగతి చూడాలి.

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. పదమూడో తేదీ శుక్రవారం నాడు వస్తే పాశ్చాత్యులకి అపశకునం. సరిగ్గా ఆ రోజే బ్లాక్ సబ్బాత్ అనే బృందం అదే పేరుతో తన మొదటి ఆల్బమ్‌ని ఇంగ్లండులో విడుదల చేసింది. నలుగురూ బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనే కార్మికవాడ నుంచి వచ్చిన కుర్రాళ్లు. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు మెషీన్‌లో పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేతితోనే. అంట్లు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాని కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించుకున్నాడు, మళ్లీ గిటారు పట్టాడు. నొప్పి తెలియకుండా సన్నటి తీగలు వాడాడు. తర్వాతి ఆల్బమ్‌లకి వచ్చేసరికి తీగల బిగువు సడలించి శ్రుతినే కిందికి దించాడు. ఇవాళ హెవీ మెటల్ అనగానే చెవికి తగిలే ఆ బరువైన, కుంగిన నాదంలో ఒక కార్మికుడి తెగిన వేళ్ల పాత్ర ఉంది. ఆ గిటారు మోతని వట్టి గోల అని కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క సంగతైనా తెలుసుకుంటే బాగుండును.

బృందానికి పేరు 1963లో మారియో బావా తీసిన ఒక భయానక చిత్రం నుంచి వచ్చింది. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం సినిమాహాళ్ల ముందు బారులు తీరుతున్నప్పుడు, అదే పని పాట ఎందుకు చెయ్యకూడదన్నది వాళ్లకి తట్టిన ఆలోచన. ఆల్బమ్ వానచప్పుడుతో మొదలవుతుంది. ఉరుము, ఎక్కడో దూరాన చర్చి గంట, ఆ తర్వాత ఉన్నట్టుండి మీద పడినట్టు గిటారు. అట్ట మీద ఒక పాత నీటిమర, దాని ముందు చెట్ల మధ్య నల్లటి దుస్తుల్లో నిలబడ్డ ఆడమనిషి. ఈ సరంజామా మనకి కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్ని ఎనిమిది రసాల్లో ఒకటిగా నిలబెట్టాడు. దానికి నలుపు రంగునిచ్చాడు, కాలుణ్ని అధిదేవతని చేశాడు. అది దేనివల్ల పుడుతుందో చెబుతూ వికృతమైన ధ్వనులు, నక్కల, గుడ్లగూబల అరుపులు, పాడుబడ్డ ఇల్లు, అడవి అని వరస పెట్టాడు. ఆస్టన్ కుర్రాళ్లు నాట్యశాస్త్రం చదివి ఉండరు. అయినా ఆ వరసలో సగం వాళ్ల అట్ట మీదా మొదటి నిమిషంలోనూ ఉంది. భయం పుట్టించడానికి ఒక శాస్త్రం ఉంటుందనీ, అది తెలిసి చేసేవాడు కళాకారుడనీ మనవాళ్లు ఏనాడో ఒప్పుకున్నారు.

ఆ గిటారు పలికే మూడు స్వరాల్ని దగ్గరగా వినాలి. మన భాషలో చెప్పాలంటే కింది షడ్జం, పై షడ్జం, అక్కణ్నించి దిగి ప్రతి మధ్యమం. ఆ ప్రతి మధ్యమం మీద వణుకుతూ నిలబడిపోతుంది. షడ్జానికీ దానికీ మధ్య ఉన్న ఈ దూరాన్నే ఒకప్పటి యూరప్ సంగీతజ్ఞులు సంగీతంలోని సైతాను అన్నారు. సబ్బాత్ మీద దయ్యం ముద్ర పడటానికి ఇదొక పెద్ద సాక్ష్యంగా ఇప్పటికీ చూపిస్తారు. కానీ మన 72 మేళకర్తల్లో 36 ప్రతి మధ్యమం ఉన్నవే. కల్యాణి అందులోదే. పెళ్లిపందిట్లో సన్నాయి మీద కల్యాణి వినిపిస్తే జడుసుకునేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ ప్రతి మధ్యమం పక్కనే పంచమం ఉంది, వెనక శ్రుతి దాన్ని మోస్తోంది, రాగం నడక దాన్ని ముందుకి తీసుకుపోతోంది. సబ్బాత్ పాటలో గిటారు ఆ ఊరట ఇవ్వదు. చెవి పంచమం కోసం ఎదురుచూస్తుంది, అది రాదు, నెమ్మదిగా మళ్లీ మొదటి షడ్జం పడుతుంది. అంటే దయ్యం స్వరంలో లేదు. దాన్ని ఎక్కడ ఉంచారు, ఎంతసేపు ఆపారు, దేన్ని రాకుండా చేశారు అన్న పనితనంలో ఉంది. అభిమాని ఆనందించేది ఆ పనితనాన్నే.

మాటల సంగతేమిటి, సైతానుని పిలుస్తున్నారు కదా అంటారు. ఆ పాటలో మాట్లాడే మనిషి సైతానుని పిలవడు. నల్లటి ఆకారం కనబడితే వణికిపోయి, కాపాడమని దేవుణ్ని వేడుకుంటాడు. పాటలు రాసిన గీజర్ బట్లర్ క్యాథలిక్ కుటుంబంలో పెరిగినవాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో దేవుడి పక్షాన నిలబడి వాదించే పాటే ఒకటి రాశాడు. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ తండ్రి ఫ్యాక్టరీలో చేసిచ్చిన శిలువల్ని వీళ్లు మెడలో వేసుకుని తిరిగారు. మొదటి ఆల్బమ్ లోపలి అట్ట మీద తలకిందుల శిలువ వేసింది రికార్డు కంపెనీ, బృందాన్ని అడక్కుండానే. పత్రికలు కూడా మొదట వీళ్లని లెక్కచెయ్యలేదు. రోలింగ్ స్టోన్‌లో లెస్టర్ బ్యాంగ్స్ ఆల్బమ్‌ని చీల్చి చెండాడాడు. శ్రోతలు మాత్రం దాన్ని ఇంగ్లండు అమ్మకాల పట్టికలో 8వ స్థానానికి ఎక్కించారు. 2017లో అదే పత్రిక అన్ని కాలాల గొప్ప మెటల్ ఆల్బమ్‌ల జాబితా వేసి మొదటి అయిదింట్లో దీన్ని చేర్చింది. 1985లో అమెరికాలో తల్లిదండ్రుల సంఘం ఒకటి పిల్లల్ని పాడుచేసే పదిహేను పాటలంటూ పట్టిక ప్రకటించినప్పుడు సబ్బాత్ పాట ఒకటి అందులోకి ఎక్కింది. కారణం దయ్యం కాదు, తాగుడు.

ఇప్పుడు ద్రాక్షారామం. దక్షయజ్ఞం జరిగింది అక్కడేనని స్థలపురాణం. ఆ యజ్ఞాన్ని వీరభద్రుడు ధ్వంసం చేసిన కథే వీరనాట్యానికి ప్రాణం. వీరణాలు, తాషాలు, డోళ్లు చెవులు గింగుర్లెత్తేలా మోగుతుంటే, ఒళ్లంతా విభూతి పూసుకున్నవాళ్లు కత్తి దూసి శరభ అంటూ ఎగిరిపడతారు. ఇనుప నారసాలు చెంపల్లోంచి, నాలుకలోంచి గుచ్చుకుంటారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని తల్లులు నిలబడి చూస్తారు. అది చూసి ఇంటికొచ్చిన పిల్లాడు తలలు నరుకుతాడని ఇన్ని తరాల్లో ఎవరూ అనుకోలేదు. అది భక్తి, ఇది వ్యాపారం, రెంటికీ పోలికేమిటనే అభ్యంతరం న్యాయమైనదే. వీరనాట్యంలో భయం చివరికి దేవుడి దగ్గరికి చేరుతుంది, మనిషి దండం పెట్టుకుని తేలికపడతాడు. రాక్ ఆల్బమ్‌లో ఆ తీరం లేదు. ఈ తేడాని నేను తక్కువ చెయ్యను. కానీ శ్రోత చేసే పని రెండు చోట్లా ఒకటే. గీత గీసిన బరిలో, పదిమంది మధ్య, భయాన్ని ఒళ్లంతా పట్టించుకుని తిరిగి మామూలు మనిషై బయటికి రావడం.

గీత చెరిగిపోతే ఏమవుతుందనడానికి కూడా ఉదాహరణ ఉంది, దాన్ని దాచకూడదు. 1990ల మొదట్లో నార్వేలో బ్లాక్ మెటల్ బృందాల చుట్టూ తిరిగిన కొందరు యువకులు చర్చిలు తగలబెట్టారు. హత్య కూడా జరిగింది. ఈ సంగీతం మీద వచ్చిన ఆరోపణల్లో బరువైనది ఇదే. అయితే వాళ్లు చేసిందేమిటి? ఇది వేషం కాదు, నిజం అన్నారు. ఆ మాటతో వాళ్లు కళలోంచి బయటికి వెళ్లిపోయారు. కాబట్టి ఒక ఆల్బమ్‌ని అనుమానించాలంటే అందులో దయ్యం ఉందా అని చూసి లాభం లేదు. వేషాన్ని వేషంగా ఉంచిందా లేదా అని చూడాలి. ఆ పరీక్షకి సబ్బాత్ మొదటి ఆల్బమ్ నిలబడుతుంది.

ఇంత చెప్పినా, ఇక్కడి పెద్దల బెంగకి ఒక అసలు కారణం ఉందని నాకనిపిస్తుంది. మన దగ్గర భయాన్ని అనుభవించడం ఎప్పుడూ నలుగురి మధ్యే. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ రాసిన తులసిదళం 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు, పత్రిక ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేది. క్షుద్ర సాహిత్యమని విమర్శకులు దుమ్మెత్తిపోశారు, పాఠకులు వారం వారం ఎదురుచూశారు. 1985లో పసలపూడి మనిషి వంశీ అన్వేషణ తీశాడు. అడవి, పులి పేరిట జరిగే చావులు, పక్షుల కూతల మీద పరిశోధన చెయ్యడానికి వచ్చిన అమ్మాయి. ఇళయరాజా నేపథ్య సంగీతం హాల్లో ప్రేక్షకుణ్ని కుర్చీ అంచుకి తెచ్చింది. కానీ మన సినిమా సంగీతం పద్ధతిలో నేపథ్య సంగీతం హాల్లోనే ఉండిపోతుంది, క్యాసెట్‌లో ఇంటికొచ్చేవి పాటలే. అన్వేషణ నుంచి ఇళ్లలోకి వచ్చి నిలిచింది కీరవాణి లాంటి ప్రేమపాట. భయాన్నే పాటగా ఇంటికి తెచ్చుకునే అలవాటు మనకి సినిమా నేర్పలేదు. అందుకే ఇంట్లో, గదిలో, చెవిలో ఒక్కడే భయం వింటున్న కుర్రాడు పెద్దలకి ఒంటరిగా, దారి తప్పినట్టుగా కనిపిస్తాడు.

అతను ఒంటరి కాదు. ఆ నల్ల టీషర్టు ఉన్నదే సాటివాళ్లు గుర్తుపట్టడానికి. 2025 జులై 5న ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో బ్లాక్ సబ్బాత్ తన చివరి కచేరీ చేసింది. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఆజీ నల్లటి సింహాసనం మీద కూర్చుని పాడాడు. సుమారు 40,000 మంది గొంతు కలిపారు. డబ్బు పిల్లల ఆసుపత్రికీ, పార్కిన్సన్స్ పరిశోధనకీ ప్రకటించారు. రెండున్నర వారాలకి, జులై 22న ఆజీ చనిపోతే బర్మింగ్‌హామ్ జనం వీధుల్లోకి వచ్చి సాగనంపారు. ఈ అభిమానులు కలిస్తే మాట్లాడుకునేది సైతాను గురించి కాదు. 1969 అక్టోబరులో ఇంచుమించు ఒక్క రోజులో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌లో బిల్ వార్డ్ డ్రమ్స్‌లో జాజ్ ఎక్కడ తొంగిచూస్తుంది, అయోమీ వాయిద్యంలో బ్లూస్ ఎంత మిగిలింది, వీటి మీద గంటలు గంటలు వాదించుకుంటారు. మంచి సన్నాయి మేళం విన్న రాత్రి మన అరుగుల మీద జరిగే చర్చ ఇలాంటిదే.

ఇంక తెలుగులో కావలసింది అలాంటి ఆల్బమ్ ఒకటి. ముడిసరుకుకి లోటు లేదు. గిటారు పక్కన వీరణం నిలబడగలదు, దక్షయజ్ఞం కంటే భయంకరమైన కథ వెతికినా దొరకదు, వినడానికి చెవులు సిద్ధం చేసుకున్న కుర్రకారు రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో ఉన్నారు. వాళ్లలోంచి ఒకరు దీన్ని చేస్తారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రోజు ఇంట్లోవాళ్లు కోప్పడకుండా ముందు ఆ మొదటి పాట పూర్తిగా వినాలని కోరుకుంటున్నాను.