నిలిచిన మోటారు సైకిలు: పెట్రోలు మార్గమును శుభ్రపఱచు విధానము

ఆమడగూరు, ఓబుళదేవరచెరువు, గోరంట్ల ప్రాంతములందు వేరుసెనగ పంట యిల్లు చేరిన పిమ్మట పలు కుటుంబములవారు పనులకై బెంగుళూరునకు తరలుట పరిపాటి. అట్టి యిండ్లలో మోటారు సైకిలు పంచలోనో, పశువుల పాక మూలనో గోనెపట్టా కప్పుకొని తొలకరి వఱకు నిలిచియుండును. మృగశిర కార్తెలో వాన కురిసి, విత్తనమునకును ఎరువునకును కదిరికి పోవలసిన దినముననే బండి జ్ఞప్తికి వచ్చును. ఆనాడు కాలు నొచ్చునంత వఱకు కిక్కు కొట్టినను అది పలుకదు. మన యెఱ్ఱనేలలలో పదును నాలుగు దినములకు మించి నిలుచుట యరుదు. బండి బాగుచేయించు లోపల పదును పోయినచో మఱల వాన కొఱకు ఎదురు చూడవలసినదే. కావున రైతులు వానకు పక్షము దినములు ముందుగానే ఈ పనికి పూనుకొనవలయును.

ఇట్టి బండ్లలో దోషము సాధారణముగా ఇంజనునందు ఉండదు. టాంకులో విడిచిపోయిన పెట్రోలునందుండును. పెట్రోలు ఒక్కటే ద్రవము కాదు, పెక్కు ద్రవముల కలయిక. వానిలో తేలిక భాగములే చల్లని యింజనును రగిలించునవి. నెలల తరబడి నిలిచినప్పుడు అవి ముందుగా ఆవిరియై పోవును. మిగిలినది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, ముదురు వన్నె దాల్చి, వార్నీషు వంటి పుల్లని వాసన వేయుచు, తుదకు తుమ్మబంకవలె జిగురుకట్టును. ఇప్పుడు ఇంకొక చిక్కు కూడ కలిగినది. మన దేశమున పెట్రోలులో ఇథనాల్ కలుపుట 2022 నాటికి నూటికి పది పాళ్లును, 2025 నాటికి నూటికి ఇరువది పాళ్లును అయినది. చెరకు మడ్డి నుండియు ధాన్యము నుండియు తీయు ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు మితిమీరినచో ఇథనాలుతో కూడి టాంకు అడుగునకు దిగి అచ్చట త్రుప్పు పుట్టించును. పాత బండ్ల రబ్బరు భాగములను కూడ ఇథనాల్ చెఱచును.

ఇందువలన మొదటి నియమ మేమనగా, నిలిచిన బండికి ముందుగా కిక్కు కొట్టరాదు. కొట్టిన కొలది టాంకు అడుగున నున్న త్రుప్పును మడ్డియు కార్బ్యురేటరులోనికి దిగును. పాత పెట్రోలుపై క్రొత్తది పోసి సరిపుచ్చుకొనుటయు మంచిది కాదు. శుభ్రపఱచుట ఎల్లప్పుడును పైనుండి క్రిందికి, అనగా టాంకుతో మొదలిడి కార్బ్యురేటరుతో ముగియవలయును. క్రింది భాగమును ముందు కడిగినచో టాంకులోని మలినము మఱల దానిలోనికే వచ్చును.

పని ఆరుబయట, పగటివేళ చేయవలయును. వేరుసెనగ కట్టె వాములకును, పశువుల పాకకును, పొయ్యికిని దూరముగా నుండవలయును. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. నేలబారున ప్రాకి దూరముననున్న నిప్పును అందుకొనును. చుట్ట, బీడీ ఆ చాయలకు రాకూడదు. బ్యాటరీ తీగను ముందే ఊడదీయవలయును. గొట్టమును నోటితో పీల్చి పెట్రోలు దింపుట పలువురకు అలవాటు. ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. కొళాయి క్రింది గొట్టమును ఊడదీసి, మూతగల డబ్బాలోనికి దానంతట అదే కాఱనిచ్చుట మేలు. దింపిన పెట్రోలును బావి దగ్గఱ గాని, చేనిలో గాని పాఱబోయరాదు. కిరసనాయిలు స్టవ్వులో పోయుట మఱింత ప్రమాదము. దానిని మెకానిక్కు షాపువారికి అప్పగింపవచ్చును.

టాంకు ఖాళీయైన పిదప మూత తీసి, టార్చి వెలుగున లోపల చూడుడు. అగ్గిపుల్ల వెలుగున చూచువారును కలరు. వారికి ఏమి చెప్పవలయునో తోచదు. లోపల మెఱుపుగా నున్నచో అర లీటరు క్రొత్త పెట్రోలు పోసి, కుదిపి, పాఱగట్టిన చాలును. త్రుప్పు పొరలు కనబడినచో టాంకును దింపి, కొళాయిని తీసి, ఆ రంధ్రమును బిగించి, లోపల వినిగరు పోసి, ప్రక్కలు మార్చుచు ఒక రాత్రి యుంచవలయును. చింతపండుతో ఇత్తడి బిందె మెఱయునట్లే పులుపు త్రుప్పును విడదీయును; అయితే చింతపులుసు వాడరాదు, దాని పిప్పి సన్నని దారుల నడ్డగించును. పిదప వంటసోడా నీటితో ఒకమాఱు, మంచినీటితో రెండు మూడు మాఱులు కడిగి వెంటనే ఎండలో బాగుగా ఆఱబెట్టవలయును. ఆలసించినచో క్రొత్త త్రుప్పు పట్టును. ఆఱినంతనే కొద్దిగా ఇంజన్ ఆయిలు కలిపిన పెట్రోలును లోపలంతయు తిప్పి తీయవలయును. టాంకుకు చిల్లి కనబడినచో ఇంటి దగ్గఱ వెల్డింగు పెట్టింపకుడు. ఖాళీ టాంకులోని ఆవిరి నిప్పు తగిలినంతనే ప్రేలును.

కొళాయిలోని వలను, క్రింది చిన్న గిన్నెను కడుగవలయును. రబ్బరు గొట్టమును వంచి చూచి పగుళ్లున్నచో క్రొత్తది వేయుడు. టాంకు మూతలోని గాలి రంధ్రమును మఱువరాదు. అది మూసికొనినచో బండి కొంతదూరము పోయి తనంతట ఆగిపోవును, మూత వదులుచేసిన మఱల నడచును.

కార్బ్యురేటరు అడుగు గిన్నెను విప్పినప్పుడు పచ్చని గసియో, గోధుమవన్నె జిగురో కనబడును. ఇందు రెండు జెట్టులుండును. పెద్దది పరుగునకు, చిన్నది బండి నిలిచి తిరుగుటకు. చిన్నదాని రంధ్రము కుట్టుసూది కంటె సన్నము. మొదట మూసికొనునది అదియే. చోకు లాగినప్పుడే మ్రోగి, చోకు తీయగనే ఆగిపోవు బండికి ప్రాయికముగా ఇదియే కారణము. జెట్టును ఇనుప తీగతో గాని, సూదితో గాని పొడువరాదు. ఇత్తడి మెత్తని లోహము. రంధ్రము ఇంచుక పెరిగినను బండి జీవితాంతము ఎక్కువ పెట్రోలు త్రాగును. కార్బ్యురేటరు క్లీనరులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, వెలుతురునకెత్తి చూచిన రంధ్రము గుండ్రముగా కనబడవలయును. క్లీనరు తగులక ముందే ఫ్లోటును, రబ్బరు వాషర్లను తీసి ప్రక్కన నుంచుడు. గాలి మరను విప్పుటకు ముందు, అది మెల్లగా ఆనువఱకు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి వ్రాసికొనుడు. మఱల అన్ని చుట్లే విప్పి యుంచవలయును. ఫ్లోటు సూది అంటుకొనియున్నచో పెట్రోలు పొంగి ఇంజన్ ఆయిలులోనికి కూడ దిగును. ఆయిలు పలుచనై పెట్రోలు వాసన వేసినచో దానిని మార్చక ఇంజనును నడుపరాదు.

అన్నియు బిగించిన పిదప ప్లగ్గు తీసి నాలుగైదు చుక్కలు ఇంజన్ ఆయిలు వేసి, తాళము త్రిప్పకయే పది కిక్కులు కొట్టి, ప్లగ్గు తుడిచి పెట్టుడు. క్రొత్త పెట్రోలు రెండు లీటర్లు పోసి, కొళాయి విప్పి, ఎచ్చటను కాఱుట లేదని చూచిన తరువాతనే తాళము త్రిప్పవలయును.

2020 ఏప్రిల్ 1 నుండి అమ్మిన క్రొత్త బండ్లలో పెక్కింటికి కార్బ్యురేటరు లేదు. టాంకులోని పంపు పెట్రోలును ఒత్తిడితో పంపును. వానిని ఇంటి దగ్గఱ విప్పరాదు. పాత పెట్రోలును తీయించి శుభ్రపఱచు పనిని షాపువారికే విడువవలయును.

మఱల ఊరు విడుచునప్పుడు కార్బ్యురేటరు బండియైనచో టాంకును నిండుగా నింపుడు. గాలికి చోటు లేనిచో త్రుప్పునకును చోటు తక్కువ. కొళాయి కట్టి, ఇంజను తనంతట ఆగువఱకు నడిపి, గిన్నె క్రింది మరను వదలించి మిగిలిన పెట్రోలును దింపవలయును. ఇంటనుండువారు నెలకొకమాఱు బండిని పావుగంట సేపు నడిపినచో ఈ పని యంతయు తప్పును.