పాలు పడనివారును లాక్టేజు మాత్రయును

ఉదయమున కాఫీ త్రాగిన గంటకో రెండు గంటలకో కడుపుబ్బరించి, ప్రేగులలో గుడగుడలు పుట్టి, తుదకు నీళ్ల విరేచనమగువారు మన యిండ్లలో అరుదు కారు. ఆవుపాలలో నూటికి ఇంచుమించు 5 వంతులుండు లాక్టోజు అను క్షీరశర్కర, చిన్నప్రేగు లోపొరయందలి లాక్టేజు అను ఎంజైముచే గ్లూకోజుగను గాలక్టోజుగను విడివడిననే గాని రక్తమున ప్రవేశింపజాలదు. విడివడనిది పెద్దప్రేగు చేరి, నీటిని తనవైపు లాగికొని, అచ్చటి సూక్ష్మజీవులచే పులియబెట్టబడి వాయువుల నుత్పత్తి చేయును. శైశవమున సమృద్ధిగానుండు ఈ ఎంజైము ప్రపంచజనములో దాదాపు మూడింట రెండు వంతులమందికి పెరిగిన కొలది క్షీణించును. మన దేశమున ఉత్తరాదికంటె దక్షిణాదిని ఈ క్షీణత హెచ్చు. ఇంతమందికి గలదానిని రోగమనుటకు నాకు మనసొప్పదు.

కొరవడిన లాక్టేజును బయటినుండి అందించుటయే మాత్ర చేయు పని. ఆస్పెర్జిల్లస్ అను బూజుజాతినుండి తీసిన ఈ ఎంజైము ఆహారముతోపాటు కడుపులో నుండిననే ఫలించును గనుక, బాధ మొదలైన పిదప మ్రింగినవారికి ధనవ్యయమే మిగులును. లాక్టోజు గల ప్రతి భోజనముతోను కనీసము 4,500 యూనిట్లు వలయునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో అభిప్రాయపడినది. మొదటి ముద్దతో వేసికొనుట మేలు. అయినను పరమాన్నముతో మొదలై గంటసేపు సాగు పెండ్లివిందులో, ఆ మాత్ర బలము కడపట వడ్డించు పాలకోవా వరకు నిలువకపోవచ్చును.

లాక్టేజును మాత్రగా గాక పాలలో కలుపు చుక్కల మందుగా వాడువారు దానిని మరుగు పాలలో వేయరాదు. వేడికి ఎంజైము నశించును. కాచి చల్లార్చిన పాలలో కలిపి, రాత్రియంతయు ఫ్రిజ్జులో నుంచి, మరునాడు ఆ పాలతో కాఫీ కలుపుకొని అలవాటు చొప్పున చక్కెర వేసినచో తీపి మితిమీరినట్లు తోచును, ఏలయనగా గ్లూకోజు గాలక్టోజులు లాక్టోజుకంటె తియ్యనివి. పాలలోని చక్కెర తగ్గినదని మధుమేహులు భ్రమపడరాదు. అది రూపము మార్చుకొన్నదంతే.

పాల మాంసకృత్తులవలన దద్దురులో, ఆయాసమో కలుగువారికి ఈ మాత్ర రక్ష కాదు. బరువు తగ్గుటయో, మలమున రక్తము కనబడుటయో యున్నచో వైద్యునే ఆశ్రయింపవలెను.

పాలు పడనివారిలో పెక్కుమంది భోజనముతో ఒక గ్లాసెడు పాలను ఏ మాత్రయు లేకయే ఓర్చుకొనగలరు. పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజును కొంత తామే హరించును. నేతిలో అది లేశమాత్రము. కోవాలోనన్ననో, నీరింకిపోయి క్షీరశర్కర చిక్కబడియుండును గావున, మాత్ర కొని దాచుకొన్నవారికి అది నిజముగా అక్కరకు వచ్చునది అట్టి మిఠాయి తినునప్పుడే.