పొగ లెక్క దాచొద్దు!

దగ్గు తగ్గడం లేదని ఆసుపత్రికి వెళ్తే డాక్టరు తప్పక అడిగే ప్రశ్న... 'పొగ తాగుతారా?'. పక్కన కొడుకో కోడలో ఉంటే చాలామంది పెద్దవాళ్లు చెప్పే జవాబు... 'ఎప్పుడో మానేశా!'. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఆ చిన్న అబద్ధం ఖరీదు చాలా ఎక్కువ.

పటేల్‌గూడ, పటాన్‌చెరు, బొల్లారం... ఫ్యాక్టరీల నడుమ బతికే ఊళ్లు. ఇక్కడ ఎవరు దగ్గినా 'గాలి అలాంటిది మరి' అనుకోవడం మామూలే. అందులో నిజం లేకపోలేదు. బయటి గాలి కాలుష్యమూ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లో తేల్చింది. అయితే తప్పంతా గాలి మీదికి నెట్టేస్తే జేబులోని బీడీకట్ట తప్పించుకుంటుంది. 1950లో బ్రిటన్ శాస్త్రవేత్తలు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఈ జబ్బు వచ్చిన 649 మంది మగవాళ్ల అలవాట్లను ఆరా తీశారు. వారిలో పొగ ముట్టనివారు ఇద్దరంటే ఇద్దరే!

ఎన్ని... ఎన్నేళ్లు?

'తాగుతా' అంటే సరిపోదు. రోజుకెన్ని, ఎన్నేళ్లుగా అన్నది కావాలి. రోజుకు 20 సిగరెట్ల చొప్పున ఏడాది తాగితే వైద్యుల భాషలో ఒక 'ప్యాక్ ఇయర్'. రోజుకు 10 చొప్పున 40 ఏళ్లు తాగితే 20 ప్యాక్ ఇయర్లు. బీడీలు, చుట్టల సంగతీ చెప్పాలి. మానేసి ఉంటే ఎప్పుడన్నదీ ముఖ్యమే. ఆస్బెస్టాస్, సిలికా ధూళిలో పనిచేసినవాళ్లు ఆ మాట మరవకూడదు. ఆస్బెస్టాస్‌కు పొగ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు. ఇంట్లోవాళ్ల ముందు మొహమాటమైతే వాళ్లను కాసేపు బయట ఉండమంటే సరి.

తాగనివాళ్లకీ...

బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. పక్కవాళ్లు వదిలే పొగ ఒక కారణం. స్క్వామస్ సెల్, స్మాల్ సెల్ రకాలు ఎక్కువగా పొగతాగేవారిలో కనిపిస్తాయి. తాగనివారిలో ఎక్కువగా వచ్చేది అడినోకార్సినోమా. ఇది సాధారణంగా ఊపిరితిత్తుల అంచుల్లో మొదలవుతుంది కాబట్టి తొలిదశలో దగ్గు కూడా రాకపోవచ్చు. ఇలాంటి కణితుల్లో ఈజీఎఫ్‌ఆర్ వంటి జన్యుమార్పులు ఉన్నాయని పరీక్షలో తేలితే, వాటికి తగిన మాత్రలతో చికిత్స చేసే వీలుంది.

టీబీ అనుకుని...

విడవని దగ్గు, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం... టీబీకీ, క్యాన్సర్‌కీ ఇవే లక్షణాలు. ఎక్స్‌రేలో కనిపించే మచ్చతోనూ పొరబడొచ్చు. కళ్లెలో టీబీ క్రిమి కనిపించకపోయినా ఆ మందులే వాడుతూ నెలలు గడిపేసేవారున్నారు. ఈలోగా క్యాన్సర్ ముదిరిపోతుంది. మందులు వాడుతున్నా మచ్చ తగ్గకపోతే సీటీ స్కాన్, బయాప్సీ అవసరమేమో డాక్టరును అడగాలి. దగ్గు మూడు వారాలు దాటినా, గొంతు బొంగురుపోయి అలాగే ఉన్నా, కళ్లెలో రక్తం ఒక్కసారి కనిపించినా ఆలస్యం చేయకూడదు. ఈ జబ్బు చికిత్సకు హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

మానితే మిగిలేవి

'ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానేం లాభం?' అనేవారికి జవాబు 2004లో దొరికింది. బ్రిటన్ డాక్టర్లనే 50 ఏళ్లపాటు గమనించిన అధ్యయనమది. పొగతాగేవారి ఆయుష్షు సగటున పదేళ్లు తగ్గుతుందని తేలింది. 60వ ఏట మానేస్తే అందులో 3 ఏళ్లు, 50లో అయితే 6, 40లో అయితే 9 ఏళ్లు తిరిగి దక్కుతాయి. 30లోనే మానేస్తే దాదాపు ఆ పదేళ్లూ మిగిలినట్లే!