చిత్రనగరమునకు ఒకనాటి బస్సుయాత్ర: స్థలకథనమునందలి భాషావిశేషములు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై, నగరమునకు తూర్పున ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున రామోజీ ఫిల్మ్ సిటీ కలదు. 'ఈనాడు' పత్రికాస్థాపకుడైన రామోజీరావు (1936–2024) దీనిని 1996లో నెలకొల్పెను. 1,666 ఎకరముల ఈ ఆవరణము లోకములోని చలనచిత్ర నిర్మాణస్థలములలో మిక్కిలి పెద్దదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. చిత్రములు తీయుటకై ఏర్పడిన ఈ తావునకు తీయువారికంటె చూడవచ్చువారే పెక్కుమంది. ఉదయమున నగరములో బస్సెక్కుట, పగలెల్ల తిరుగుట, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరుట, ఇది ఆ సందర్శనపు క్రమము. పర్యాటకశాఖ నడపు బస్సులు కొన్ని, బడిపిల్లలను తెచ్చు బస్సులు కొన్ని, కోస్తా జిల్లాలనుండియు, పొరుగు రాష్ట్రములనుండియు కుటుంబములవారు మాట్లాడుకొని వచ్చునవి మఱికొన్ని. ఈ యాత్రలో ప్రయాణికుడు చూచునది ఎంత కలదో, వినునదియు నంత కలదు. అట్లు వినబడు మాటకు మన స్థలపురాణములతో చుట్టరికమున్నది, వైరుధ్యమును ఉన్నది. ఆ రెండును భాషాపరిశోధకుల దృష్టికి రాదగినవి.

యాత్ర యను పదము తెలుగున మొదట దూరమును, కాలమును, కష్టమును స్ఫురింపజేయును. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసునుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆ పదునైదు నెలల ప్రయాణమే 1838లో అచ్చయిన కాశీయాత్రచరిత్రకు వస్తువు. అదే పదము నేడు పండ్రెండు గంటల బస్సుప్రయాణమునకు చెల్లుచున్నది. వినోదయాత్ర, విహారయాత్ర అను సమాసములు ఏర్పడినను జనుల నోట పూర్వపదము తఱచు రాలిపోవును. తీర్థమునకు పోయివచ్చినవారు 'చూసొచ్చాం' అందురు; ఫిల్మ్ సిటీకి పోయివచ్చినవారును ఆ మాటయే అందురు.

ఈ పొత్తు క్రొత్తది కాదు. 1960లో వెలువడిన శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము చిత్రమున ఎన్.టి. రామారావు శ్రీనివాసుని పాత్ర ధరించెను. ఆ కాలమున తిరుపతియాత్ర ముగించుకొన్న తెలుగువారు బస్సులలో మద్రాసునకు పోయి, త్యాగరాయనగరమున ఆయన యింటిముందు గుంపులుగ నిలిచి, ఆయనను కన్నులార చూచి మఱలుచుండుట ప్రసిద్ధము. ఆ చూపునకును దర్శనమనియే పేరు. కొండమీది దేవుని దర్శనమునకును, ఆ దేవుని వేషము వేసిన నటుని దర్శనమునకును ఒక్క బస్సే చాలెను.

అయితే ఆనాటి యాత్రికునికి నటుని వాకిలి దొరకినట్లు స్టూడియో వాకిలి దొరకలేదు. దానికి ముఖ్యకారణము ధ్వని. మూకచిత్రముల కాలమున కెమెరా ప్రక్క నిలిచి ఎవరేమి మాటలాడినను చిత్రమునకు చెఱుపు లేదు. అందుచేతనే కార్ల్ లామ్లే 1915 మార్చిలో కాలిఫోర్నియాలో యూనివర్సల్ సిటీని తెఱచినప్పుడు మనిషికి 25 సెంట్లు పుచ్చుకొని జనులను లోనికి రానిచ్చెను. వారు మెట్లవరుసలపై కూర్చుండి, చిత్రీకరణము చూచుచు, నాయకుని మెచ్చి కేకలు వేయుచుండిరి. టాకీలు వచ్చిన పిమ్మట ఆ కేకలకు చోటు లేకపోయెను. ద్వారములు మూతపడెను. 1964లో ట్రాముబండ్లతో సందర్శనము మఱల మొదలగునప్పటికి మూడు దశాబ్దములు దాటినవి. తెలుగు చిత్రమన్ననో 1932లో భక్త ప్రహ్లాదతో మాట నేర్చియే పుట్టినది. కావున తెలుగువారి స్టూడియో మొదటినుండియు మూసిన తలుపుల చోటే. మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలోనికి పోవలెనన్న ఎవరిదేని సిఫారసు కావలసియుండెను. తరువాత హైదరాబాదు అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలసినను, 1970ల నడుమ అన్నపూర్ణ స్టూడియో వెలసినను ఈ కట్టుబాటు మాఱలేదు.

ఆ మూసిన తలుపులవెనుక పుట్టిన పలుకుబడి యొకటి ఇక్కడ మిక్కిలి ప్రయోజనకారి. సెట్టు అన్నది ఆంగ్లపదమే. దానితో చేరిన క్రియ మాత్రము తెలుగుది. ఇల్లు కట్టుదురు, గుడి కట్టుదురు, కోట కట్టుదురు. సెట్టు మాత్రము వేయుదురు. పందిరి వేయుట, డేరా వేయుట, ముగ్గు వేయుట, వేషము వేయుట, నాటకము వేయుట మున్నగు ప్రయోగములను దీని ప్రక్క నుంచి చూడవలెను. ఇవియన్నియు పని తీఱిన వెనుక విప్పుటకో, చెఱపుటకో, తీసివేయుటకో ఉద్దిష్టములైనవి. కావున తెరపై రాజభవనముగ కనబడునది కూడ స్టూడియోలో వేయబడునదే కాని కట్టబడునది కాదు. ఆ భవనపు ఆయుస్సు ఎంతయో తెలుగు భాష క్రియలోనే చెప్పియుంచినది. మల్లీశ్వరి (1951) కొఱకు వెలసిన రాయలనాటి మందిరములు అట్లు వేయబడినవే. మాయాబజారు (1957)లో వెన్నెలలో తోచు ద్వారక, గోఖలే, కళాధర్ల కళాదర్శకత్వమున చిన్నయిండ్లతో కూర్చిన నమూనా. దానిని మహానగరముగ చూపినది మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణము. వీనిలో నేడు పోయి చూడదగినది ఒక్కటియు లేదు. చూడగోరినవానికి తెరయే గతి.

ఫిల్మ్ సిటీలో ఈ క్రియ తడబడును. అచ్చట వేసిన సెట్టు పని తీఱినను నిలిచియుండును. బాహుబలి రెండు భాగముల (2015, 2017) కొఱకు వేసిన మాహిష్మతీనగరపు సెట్టు చిత్రములు ముగిసిన పిమ్మట సందర్శకులకు చూపబడినది. రైల్వే స్టేషను, విమానాశ్రయము, హవామహలు, మొగలాయి తోట, జపాను తోట మున్నగునవి నిలుపుటకే ఏర్పడినవి. వీనిని వేసిరనవలెనా, కట్టిరనవలెనా? సిమెంటు వాడిన గోడకు కట్టుట చెల్లును. గోడ వెనుక గది లేనప్పుడు వేయుటయే చెల్లును. సందర్శకులు గోడను వ్రేలితో తట్టి, రాయియా, చెక్కయా, ప్లాస్టరా అని వినుట ఇట్టి చోట్ల సామాన్యము. క్రియను తేల్చుకొనుటకే కాబోలు! ఏమైనను, పూర్వపు స్టూడియో దేనిని తీసి పాఱవేసెనో దానినే చూచుటకు నేటి బస్సులు వచ్చుచున్నవి.

నగరమునుండి వచ్చిన బస్సు వాకిటనే ఆగును. అచ్చట దిగినవారు ఆవరణములో తిరుగు ఎఱ్ఱని బస్సులకు మాఱుదురు. బయటి బస్సులోని మాట తోడివారిది. లోపలి బస్సులోని మాట గైడుది. ఈ మార్పుతో ప్రయాణికుడు శ్రోత యగును. 'మీ కుడివైపున', 'మీ ఎడమవైపున' అను నిర్దేశములతో కథనము నడచును. బస్సు ఆగదు గనుక ప్రతివాక్యమునకును గడువున్నది: కట్టడము కిటికీ దాటులోపల దాని పేరును, దాని కథయు ముగియవలెను. అందుచేత వాక్యములు పొట్టివి, సమాపకక్రియలు తక్కువ, పేళ్ళు ఎక్కువ. గుడిలో కథ చెప్పువానికి ఈ తొందర లేదు. అతడు శ్రోతలను నిలువబెట్టి, వారి కన్ను తన వ్రేలివెంట పోవువఱకు ఆగి, పిమ్మట మాట ఎత్తుకొనును.

లేపాక్షి ఆలయమును ఇక్కడ పోల్చిచూడవచ్చును. అచ్చట నేలనంటని స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూపుదురు. రాతిపైనున్న పెద్ద పాదముద్రను సీతమ్మ పాదమందురు. రెక్కలు తెగిపడిన జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నాడట, అందుచేత ఊరికి ఆ పేరు వచ్చినదట. ఈ కథనమునకు ప్రాణము 'అట' అను అవ్యయము. చెప్పువాడు కన్నది కాదు, విన్నది అని అది తెలుపును. అయినను దానివలన శ్రోత నమ్మిక సడలదు. తరతరములవారు విన్నదను గౌరవము చేరును. తమిళమున 'ఆమ్', కన్నడమున 'అంతె' ఇట్టి పనినే చేయును. హిందీలో 'కహతే హైఁ' అని వేఱొక వాక్యమునే చేర్చుకొనవలెను.

ఫిల్మ్ సిటీ కథనములో ఈ 'అట'కు చోటు కుదురదు. 'ఈ వీథిలో ఫలానా పాట తీశారు' అనవలెను. 'తీశారట' అనినచో ఏడాది క్రిందట తెరపై చూచిన శ్రోతకు గైడుపై అనుమానము పుట్టును. ఇందు విచిత్రమున్నది. నిజమైన రాయి, నిజమైన స్తంభము ఉన్న లేపాక్షిలో క్రియ వినికిడిని ఆశ్రయించినది. వెనుక గది లేని గోడ ఉన్న చోట క్రియ నిశ్చయార్థమున నిలిచినది. ఏలన, అచ్చటి కట్టడము కల్లయైనను, అచ్చట చిత్రము తీయుట యథార్థము. స్థలపురాణము స్థలమును గూర్చిన కథ. గైడు చెప్పునది పనిని గూర్చిన వార్త. ఒక పుణ్యక్షేత్రమునకు పురాణమొకటి ముఖ్యముగ అంటియుండును. స్టూడియోలోని వీథికి నూఱు కథలు వచ్చి పోవును; ఒక్కటియు అంటదు. క్రొత్త చిత్రము వచ్చినప్పుడు పాతచిత్రము పేరు జారిపోవుట ఇట్టి కథనమునకు సహజము.

మఱియొక విశేషము క్రియారహితవాక్యమునకు సంబంధించినది. 'ఇది ఎయిర్‌పోర్టు' అను తెలుగు వాక్యములో క్రియ లేదు, కాలము లేదు. నిజముగా విమానాశ్రయమా, అట్లు కనబడునదా అను ప్రశ్నను ఆ వాక్యము తడవనే తడవదు. ఒకే కట్టడపు వేర్వేఱు ముఖములను వేర్వేఱు భవనములుగ మలచు పద్ధతి స్టూడియోలలో కలదు. 'ఇది ఆసుపత్రి, ఇది కోర్టు' అని వరుసగా చెప్పినను తెలుగున వ్యాఘాతము తోచదు. తమిళ కన్నడములలోను, బంగాళీలోను ఇట్టి వాక్యము క్రియ లేకయే నిలుచును. హిందీలో 'హై' అనక తప్పదు. 'థా' అనినచో ఒకప్పుడుండి ఇప్పుడు లేదను అర్థము వచ్చును. 'బనాయా గయా థా' అనినచో వాక్యము బస్సుకంటె నిదానమగును. ఒకే బస్సులో తెలుగువారును, హిందీవారును కూర్చుండి యున్నప్పుడు గైడు రెండు భాషలు మాఱ్చిమాఱ్చి పలుకవలసి వచ్చును. అట్టి ద్విభాషాకథనము తులనాత్మక వ్యాకరణమునకు దొరకిన గొప్ప నిక్షేపము. పుస్తకములలో అనువాదకుడు తీఱికగా తేల్చుకొను సమస్యను ఈ గైడు క్షణములో, కదలు బండిలో, మైకు చేతబట్టి పరిష్కరించుచున్నాడు. తఱచు ఆ గైడు ఇరువది యేండ్లు దాటని యువకుడో యువతియో అయియుండును.

ఇట్టి మాటను సేకరించు విషయమున జాగు చేయుట హానికరము. మద్రాసు స్టూడియోల అనుభవము ఇందుకు చాలును. వాహినీ స్టూడియో నేడు లేదు. ఆ నేలపై ఆసుపత్రియు, పెద్ద అంగడిభవనమును ఉన్నవి. అచ్చట వడ్రంగులు, అచ్చుపోతవారు, దీపములవారు, రంగులవారు తమిళ తెలుగులు కలిపి మాటలాడిన పనిభాష ఒకటుండెను. దర్శకుల, నటుల జ్ఞాపకములు పుస్తకములైనవి గాని, సెట్టు వేసినవారి మాట అట్లు నిలువలేదు. 'సెట్టు వేయుట' వంటి పలుకుబడి ఎట్లో జనసామాన్యమున నిలిచినది. దాని తోడివి ఎన్ని నశించెనో లెక్క పెట్టు తెఱవు లేదు. ఫిల్మ్ సిటీయు 2020లో మహమ్మారివలన సందర్శకులకు మూతపడి 2021లో తిరిగి తెఱవబడెను. నోటినుండి నోటికి వచ్చు కథనమునకు అంతటి విరామము చిన్నది కాదు. రేపు గైడు మైకునకు బదులు ముందుగ ముద్రించిన కంఠము వచ్చినచో, 'అట'కును 'తీశారు'కును గల ఈ భేదము ఎవరో వ్రాసిచ్చిన ప్రతిలో కరగిపోవచ్చును. హైదరాబాదు విశ్వవిద్యాలయము నగరమునకు పడమట, చిత్రనగరము తూర్పున ఉన్నవి. నడుమ ప్రయాణము కొన్ని గంటలదే. అనుమతి పొంది, ఒకే మార్గమున నడచు కథనమును వేర్వేఱు ఋతువులలో, వేర్వేఱు గైడుల నోట, రెండు భాషలలోను ధ్వనిముద్రణము చేసినచో పై ప్రతిపాదనలు నిలుచునో తొలగునో తేలును. సందర్శకుల మాటను విడువరాదు. గోడను తట్టినప్పుడు వారు ఏ క్రియను వాడుదురో వినవలెను.

తిరుగుప్రయాణమున గైడు ఉండడు. అనాజ్‌పూర్, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ అను పేళ్ళు దారిపలకలపై కనబడుచు పోవును. మొదటి దానిలో ధాన్యవాచకమైన 'అనాజ్' వినబడుచున్నది. ఆ పల్లె పేరు ఎట్లు వచ్చెనో చెప్పు కథ అచ్చటి వృద్ధుల నోట ఉన్నదేమో అడుగవలసియున్నది. హయత్‌నగర్ కుతుబ్‌షాహీ వంశపు హయాత్ బక్షీ బేగము పేరిట వెలసినది. ఆమె పేరిటి మసీదు అచ్చట నేటికిని నిలిచియున్నది. నగరమునుండి ఈ రహదారిన పోవు బస్సులు ఆ ఊరిని దాటియే చిత్రనగరమును చేరును.