స్లో కుక్కర్‌లో రాజ్మా: ఆ అరగంట మాత్రం స్టవ్ మీదే

పోయిన ఎపిసోడ్ కింద కామెంట్స్‌లో చాలామంది ఒకటే అడిగారు. "బ్రో, స్లో కుక్కర్ కొన్నాం, పొద్దున్న రాజ్మా వేసేసి ఆఫీసుకి వెళ్తే సాయంత్రానికి రెడీ అవుతుందా?" అని. అవుతుంది. కానీ మధ్యలో ఒక స్టెప్ ఉంది. అది వదిలేస్తే ఏమవుతుందో ముందు చెప్తాను, వంట తర్వాత.

నేనింకా కోడ్ రాసుకుంటున్న రోజులవి. హైదరాబాద్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. స్లో కుక్ మోడ్ ఉన్న ఎలక్ట్రిక్ కుక్కర్ కొత్తగా కొన్నాం. రాత్రి నానబెట్టిన రాజ్మాని ఆ నీళ్లతో సహా అందులో పోసి, లో మీద పెట్టి వెళ్లిపోయాం. రాత్రి వచ్చి చూస్తే గింజ కొంచెం గట్టిగానే ఉంది. ఆకలి మీద ఎవడు పట్టించుకుంటాడు? తినేశాం. రెండు గంటలు కాలేదు, ముగ్గురికీ వరసపెట్టి వాంతులు. ఒకడికైతే లేచి నిలబడే ఓపిక కూడా లేదు. ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. తెల్లారేసరికి అందరం మామూలైపోయాం. తప్పంతా మధ్యాహ్నం బయట తిన్న పనీర్‌దే అనుకున్నాం. తీరా చూస్తే ఆ పనీర్ తిన్నది ఒక్కడే! బగ్ వెతికే బుర్ర కదా, ముగ్గురికీ కామన్ ఏంటని చూస్తే మిగిలింది రాజ్మా ఒక్కటే.

విషయం ఏంటంటే, పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పేరు నోరు తిరక్కపోతే లెక్టిన్ అనేసుకోండి. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, ఆ తర్వాత విరేచనాలు మొదలవుతాయి. మామూలుగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, కానీ ఆ కొన్ని గంటలు ఎలా ఉంటాయో మమ్మల్ని అడగండి.

100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు మరిగితే ఈ లెక్టిన్ దెబ్బతినిపోతుంది. అసలు చిక్కు 80 డిగ్రీల దగ్గర. అక్కడికే వేడి చేసి ఆపేస్తే పచ్చి గింజ కంటే విషం ఐదు రెట్ల వరకు పెరగొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. స్లో కుక్కర్‌లో చేసిన వంటల లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీలు కూడా దాటలేదని కూడా వాళ్లే రాశారు. అంటే మేము ఆ రోజు గింజల్ని రోజంతా, సరిగ్గా ఉండకూడని వేడిలోనే ఉంచామన్నమాట. ఇంకోటి, గింజ మెత్తబడింది కదా అని ధీమా పడొద్దు. తక్కువ వేడిలో గంటలకొద్దీ ఉంటే మెత్తబడొచ్చు కానీ, లెక్టిన్ పోయిందని గ్యారంటీ లేదు.

మన అమ్మలకి ఈ గొడవ ఎందుకు తెలీదు? ప్రెషర్ కుక్కర్ వల్ల. అందులో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. విజిల్స్ అన్నీ వచ్చేసరికి లెక్టిన్ కథ ముగుస్తుంది.

మరి అదే చేసుకోవచ్చు కదా, స్లో కుక్కర్ ఎందుకు అంటారా? రుచి కోసం. విజిల్స్‌లో గింజ పగిలిపోతుంది, తొక్క ఒకవైపు, పిండి ఒకవైపు. సన్న సెగ మీద గింజ గింజలాగే ఉండి లోపల వెన్నలా అవుతుంది, రసం చిక్కబడుతుంది. ఊళ్లో దాలిలో పిడకల సెగ మీద కాగిన పాల రుచి తెలిసినవాళ్లకి, గంటలకొద్దీ మరిగిన ఉలవచారు తిన్నవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. అసలు స్లో కుక్కర్ పుట్టిందే గింజల కోసం. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీర్ దీనికి 1940లో పేటెంట్ తీసుకున్నాడు. లిథువేనియాలో ఉన్న రోజుల్లో రాత్రంతా బేకరీ పొయ్యిలో పెట్టి వండే చోలెంట్ అనే యూదుల గింజల కూర గురించి వాళ్లమ్మ చెప్పేదట, ఐడియా అక్కణ్నుంచి వచ్చింది. క్రాక్‌పాట్ పేరుతో 1971లో మార్కెట్లోకి వచ్చింది దాని వారసుడే. (అమెరికా నుంచి తెచ్చుకున్నవాళ్లు ఒక్క మాట వినండి. అది 120 వోల్టులది. మన 230 ప్లగ్గులో నేరుగా పెట్టేస్తే మాడిపోతుంది.)

ఇప్పుడు వంట. పావుకిలో రాజ్మాకి లీటరు నీళ్లు, అందులో ఒక టేబుల్ స్పూన్ ఉప్పు. రాత్రంతా నానాలి. ఉప్పేస్తే గింజ ఉడకదని మా ఇంట్లో కూడా అంటారు. నిజానికి రివర్స్. తొక్కని బిగించి పట్టుకునేది కాల్షియం, మెగ్నీషియం. ఉప్పులోని సోడియం వాటి చోటులోకి దూరి తొక్కని వదులు చేస్తుంది. ఉడకనివ్వనిది పులుపు. అందుకే టమాటా, చింతపండు ఏదైనా చివర్లోనే. బోరు నీళ్లు కూడా అంతే సతాయిస్తాయి, ఫిల్టర్ నీళ్లు వాడండి. ఇక రెండేళ్లుగా డబ్బా అడుగున పడున్న రాజ్మా అయితే ఏం చేసినా మెత్తబడదు, వదిలేయండి.

పొద్దున్న నానిన నీళ్లు పారబోసి, గింజలు కడిగి, కొత్త నీళ్లతో స్టవ్ మీద పెట్టండి. తెర్లడం మొదలయ్యాకే టైమర్ ఆన్ చేయాలి. పది నిమిషాలు తప్పనిసరి. గింజ మధ్యలోకి కూడా వేడి వెళ్లాలి కాబట్టి ఎఫ్‌డీఏ 30 అంటుంది, నేనూ అరగంటే పెడతాను. ఆ టైమ్‌లో స్నానం అయిపోతుంది. ఆ నీళ్లు కూడా వంపేయండి.

తర్వాత గింజలు కుక్కర్‌లోకి. రెండు ముక్కలు చేసిన ఉల్లిపాయ, దంచిన వెల్లుల్లి ఆరేడు రెబ్బలు, అల్లం ముక్క, బిర్యానీ ఆకు, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, ఒక చెంచా నూనె, అరచెంచా ఉప్పు. గింజల మీద ఒక అంగుళం ఉండేలా వేడినీళ్లు పోయండి, ఎక్కువొద్దు. ఇందులో ఆవిరి పెద్దగా బయటికి పోదు, ఎక్కువైతే చారే మిగులుతుంది. హై మీద నాలుగైదు గంటలు, లో మీద ఏడెనిమిది. మాటిమాటికీ మూత తీయకండి, తీసినప్పుడల్లా వేడి పడిపోతుంది.

స్లో కుక్కర్‌కి చేతకానిది వేయించడం. అందుకే సాయంత్రం బాణలిలో జీలకర్ర, ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి, టమాటా నూనె పైకి తేలేదాకా వేయించి అందులో కలపండి. గరిటె వెనకవైపుతో కొన్ని గింజలు మెదిపి, ఇంకో అరగంట ఉంచండి. చివర్లో కసూరీ మేథీ. ఆ రసం మాత్రం పారబోయొద్దు, రుచంతా అందులోనే ఉంది.

ఆ రోజు సెలైన్ ఎక్కించుకున్న మా రూమ్మేట్ పోయిన నెల ఇంటికొచ్చాడు. రాజ్మా గిన్నె ముందు పెడితే ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపాడు, వెన్నలా నలిగింది. అయినా నమ్మలేదు. "స్టవ్ మీద ఎంతసేపు మరిగించావ్‌రా?" అన్నాడు. అరగంట అన్నాక అన్నం కలుపుకున్నాడు.