కంపెనీ మూతపడితే రోబో గతేంటి? మద్దూరు లాంటి ఊళ్లకు ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే..

సిద్దిపేట జిల్లా మద్దూరు మండలంలో బోరు మోటరు కాలిపోతే రైతు ఏం చేస్తాడు? బయటికి తీసి, వైండింగ్ చేయించి మళ్లీ దింపుతాడు. ఆ మోటరు చేసిన కంపెనీ ఇంకా ఉందా, లేదా అన్నది ఆయనకు అనవసరం. మరి మనిషితో మాట్లాడే రోబో ఆగిపోతే? చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలో ఎంబాడీడ్ అనే కంపెనీ 5 నుంచి 10 ఏళ్ల పిల్లల కోసం 'మాక్సీ' అనే రోబోను అమ్మింది. ధర 799 డాలర్లు. పిల్లలు దాంతో కబుర్లు చెప్పుకున్నారు, ఫ్రెండ్ అనుకున్నారు. 2024 డిసెంబర్‌లో నిధులు అందక మూతపడుతున్నామని కంపెనీ ప్రకటించింది. మాక్సీ మాటలు సర్వర్ల నుంచి రావాల్సిందే. అవి ఆగితే మోటర్లు, కెమెరా, స్క్రీన్ బాగానే ఉన్నా రోబో మూగబోతుంది. ఈ సంగతి పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తల్లిదండ్రులు తల పట్టుకుంటే, వాళ్ల కోసం కంపెనీయే ఒక లేఖ రాసిచ్చింది. ఆ తర్వాత ఇంట్లోని కంప్యూటర్‌తోనే నడుపుకునేలా సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశారు. అది నయం.

జపాన్‌లో ఇంకో కథ. సోనీ తన రోబో కుక్క 'ఐబో'కు రిపేర్లు 2014లో ఆపేసింది. దాంతో పాత ఇంజినీర్లు కొందరు, పనిచేయని ఐబోల పార్టులు తీసి మిగతావాటికి వేయడం మొదలుపెట్టారు. పార్టులు తీసే ముందు గుడిలో వాటికి అంత్యక్రియల్లాంటి పూజలు కూడా చేయించారు. మనిషి మనసు పెట్టుకున్న వస్తువును ఊరికే పారేయలేడు మరి!

రోబోతో పర్యావరణానికి భారం అనగానే కరెంటు, బ్యాటరీలే గుర్తొస్తాయి. కానీ ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఎవరు బాగుచేస్తారు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, సక్రమంగా రీసైకిల్ అయినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

తెలంగాణ 2023 మే 9న రోబోటిక్స్ విధానాన్ని ప్రకటించింది. అందులో వ్యవసాయం, వైద్యం కూడా ఉన్నాయి. అంటే రేపు మద్దూరు బడికో, ఆసుపత్రికో రోబో రావొచ్చు. కొనేముందు అడగాల్సినవి: నెట్ లేకపోతే పనిచేస్తుందా? బ్యాటరీ విడిగా దొరుకుతుందా? మండల కేంద్రంలోని మెకానిక్ విప్పగలడా? తెలుగు అర్థమవుతుందా? మాట అర్థం కాని రోబో నెల తిరక్కుండానే బీరువా వెనక్కి చేరుతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపైనే పెట్టాయి. అయితే అవి వస్తువు చెత్తయ్యాక వర్తించేవి. సర్వర్ ఆపేసే ముందు సాఫ్ట్‌వేర్‌ను కొన్నవాళ్లకు అప్పగించాలన్న షరతు వాటిలో లేదు.