ఎగువ లేని మంచుకొండలు

కంప్యూటర్ ఆటల్లోని ఊహాలోకాలకి ఒక మంచుకొండల వరస లేకపోతే నిండుదనం రాదు. ఆ కొండల్ని ఎవరో చిత్రకారుడు ఓపిగ్గా గీశాడనుకుంటాం. చాలా ఆటల్లో వాటిని గీసేది మనిషి కాదు, ఒక ఫంక్షన్!

మన పిల్లలు వదలకుండా ఆడే మైన్‌క్రాఫ్ట్‌నే తీసుకుందాం. అందులో లోకం ఈ అంచు నుంచి ఆ అంచుకి సుమారు 6 కోట్ల గడులు. ఒక్కో గడి దగ్గర నేల ఎత్తుని రెండేసి బైట్లలో రాసిపెట్టుకున్నా, మొత్తానికి 7,200 టెరాబైట్లు కావాలి. కానీ మీరింకా అడుగు పెట్టని ప్రాంతాలన్నిటికీ కలిపి ఆట దాచుకునేది ఒకే ఒక్క 64 బిట్ల అంకె. దాన్ని సీడ్ అంటారు. ఆట వెర్షన్, సీడ్ ఒకటే అయితే హ్యూస్టన్‌లోనైనా దుబాయ్‌లోనైనా అదే చోట అదే శిఖరం లేస్తుంది.

ఈ కథ బోయింగ్‌లో మొదలైంది. అక్కడ పనిచేసే లోరెన్ కార్పెంటర్‌కి విమానాల బొమ్మల వెనక కొండలు కావలసివచ్చాయి. మాండెల్‌బ్రాట్ ఫ్రాక్టల్స్ పుస్తకం చదివి, 1980లో సియాటెల్‌లో జరిగిన సిగ్‌గ్రాఫ్ సభలో 'వోల్ లిబ్ర' అనే రెండు నిమిషాల చిత్రం చూపించాడు. లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు అతన్ని పిలిచి ఉద్యోగమిచ్చారు. కిటుకు చాలా చిన్నది. ఒక గీత గీయండి. దాని మధ్యబిందువుని ఎంతో కొంత పైకో కిందకో జరపండి. ఇప్పుడు రెండు గీతలొచ్చాయి కదా, వాటికీ అదే పని చెయ్యండి, కాకపోతే జరిపే దూరం తగ్గించుకుంటూ పోండి. మెల్లగా తగ్గిస్తే హిమాలయాల్లాంటి కరకు శిఖరాలు, గబగబా తగ్గిస్తే అరిగిపోయిన తూర్పు కనుమల్లాంటి గుట్టలు వస్తాయి. రికర్షన్ తెలిసిన వాళ్ళు అరగంటలో రాసేయొచ్చు.

అయితే దీనికి ముందుగా గీత రెండు కొసలూ తెలియాలి. అంతు లేని లోకానికి కొసలెక్కడివి? ఇక్కడ పనికొచ్చింది కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన నాయిస్ పద్ధతి. (దీనికే 1997లో ఆస్కార్ అకాడమీ వారి సాంకేతిక పురస్కారం వచ్చింది.) గళ్ళ మూలల అంకెల్ని హాష్ చేసి, ఒక్కో మూలకి ఒక వాలు ఇచ్చి, మధ్యలో నునుపుగా కలుపుతారు. పెద్ద గళ్ళతో ఒకసారి, చిన్న గళ్ళతో మరోసారి, ఇలా చేసి అన్నీ కూడతారు. ఏ చోటి ఎత్తు కావాలన్నా సీడ్, ఆ చోటి అంకెలు ఇస్తే చాలు. పక్క ఊరిని అడగక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే ప్యూర్ ఫంక్షన్, స్టేట్ ఏమీ లేదు.

ఇందులో ఉన్న లోటు నాకు మావాడి ప్రశ్నతో తెలిసింది. పోయిన వేసవిలో వాడు గోదావరి చూసొచ్చాడు. అది త్రయంబకేశ్వరం దగ్గర పుట్టిందని తాతగారు చెప్పారు. ఇక్కడికొచ్చాక ఆటలో ఒక నది ఒడ్డున నిలబడి, "నాన్నా, ఇదెక్కడ పుట్టింది?" అన్నాడు. ఇద్దరం ఒడ్డు వెంట చాలాసేపు నడిచాం. ఎక్కడా పుట్టలేదు! మైన్‌క్రాఫ్ట్ నదులు కొండ దిగి రావు. సముద్రమట్టంలోనే నిలిచి ఉంటాయి.

ఎందుకంటే నదికి ఎగువ ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం చెప్పాలంటే మహారాష్ట్రలో ఎంత వాన పడిందో తెలియాలి. ఎదురుగా ఉన్న పదహారు గడుల ముక్కని అప్పటికప్పుడు తయారుచేసే ప్రోగ్రాముకి ఆ కబురు అందదు. 2021 నవంబరులో వచ్చిన 1.18 వెర్షన్ కొండల్ని పూర్తిగా మార్చేసింది, కోసుగా లేచిన శిఖరాలు నిజంగా బాగుంటాయి. అందులో 'ఎరోషన్' అనే విలువ కూడా ఉంది. పేరు చూసి మోసపోకండి, అది నీటికోత కాదు, ఇంకో నాయిస్ మాత్రమే.

మంచు సంగతి వేరు. ఎత్తు, వాలు తెలిస్తే చాలు, ఎక్కడ మంచు పరవాలో, ఎక్కడ బండ బయటపడాలో దాదాపు తేలిపోతుంది. రెండూ ఉన్నచోటే దొరికే విలువలు. (గాలికి కొట్టుకుపోయే మంచు, విరిగిపడే మంచు లెక్కలోకి రావనుకోండి.) పైగా వాగులు కోసిన గాళ్ళు లేవన్న సంగతిని కూడా తెల్లగా కప్పేస్తుంది. ఊహాలోకాల్లో పచ్చని కొండ కంటే మంచుకొండ ఎక్కువ నమ్మిస్తుందంటే, నా లెక్కలో కారణం ఇదే.

నీళ్ళనే పారించి కొండల్ని కోయించడం కుదరదా అంటే, కుదురుతుంది. కెన్ మస్‌గ్రేవ్, అతని సహచరులు 1989లోనే చేసి చూపించారు. వాన కురిపించి, ఒక్కో చోటి నుంచి పక్కనున్న పల్లానికి నీటినీ మట్టినీ జరుపుతూ, అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. పటానికి హద్దులుండాలి, ముందే వండి పెట్టుకోవాలి. హద్దుల్లేని లోకం కావాలా, వాగులున్న కొండ కావాలా అన్నది తేల్చుకోవలసిన బేరం. నన్నడిగితే చిన్న లోకమైనా సరే, వాగే కావాలంటాను.

మావాడు బేరమాడలేదు. బకెట్‌తో శిఖరం ఎక్కి నీళ్ళు పోసి, నది దాకా కాలవ తవ్వాడు. కాసేపటికి పైన పోసిన నీరు గడ్డకట్టి ధార ఆగిపోయింది. ఇప్పుడు దాని పక్కన ఒక కాగడా పెట్టాడు, వెలుతురు తగిలితే ఆ నీరు గడ్డకట్టదట.